రిస్కు నీదైతే రేటూ నీదే కావాలి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆఫర్లు చూశాను. ఒకటి పర్మనెంటు, ఏడాదికి 14 లక్షల సీటీసీ. ఇంకోటి కాంట్రాక్టు, నెలకు లక్షన్నర. "పద్దెనిమిది ఎక్కడ, పద్నాలుగు ఎక్కడ అత్తా" అని రాశావు. మాదాపూర్ కంపెనీల్లో ఇన్నేళ్లు పేరోల్ చూసినదాన్ని, ఆ లెక్క అంత తేలిగ్గా ఒప్పుకుంటానా?

నెలనెలా నువ్వు బిల్లు పెడితే పది శాతం టీడీఎస్ పోను 1,35,000 బ్యాంకులో పడుతుంది. సెలవు పెట్టిన రోజుకు డబ్బు రాదు. పండగలకీ, జ్వరాలకీ, పెళ్లిళ్లకీ కలిపి ఏడాదిలో ఓ నెల పోయిందనుకో, లక్షన్నర తగ్గినట్టే. ఒక కాంట్రాక్టు ముగిసి ఇంకోటి దొరికేలోపు రెండు నెలలు ఖాళీగా ఉంటే మరో మూడు లక్షలు. మిగిలింది పదమూడున్నర. పైగా మీ అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా నువ్వే కొనాలి. మీ నాన్నకున్న షుగరుకి ఎంత ప్రీమియం అడుగుతారో చూస్తే నీకే బీపీ వస్తుంది. రేపు ఇంటి లోనుకి వెళ్తే పర్మనెంటు వాళ్లను పేస్లిప్పులూ ఫామ్ 16 అడిగే బ్యాంకు, నిన్ను మాత్రం రెండు మూడేళ్ల రిటర్నులు తెమ్మంటుంది.

పర్మనెంటు వాళ్ల పద్నాలుగు కూడా నికరం కాదులే. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ అన్నీ అందులోనే కలిపేస్తారు. ఇక వదిలి వెళ్లాలంటే తొంభై రోజుల నోటీసు. అన్నాళ్లు ఆగే కంపెనీ దొరకడం కష్టం.

కాంట్రాక్టులో నిజమైన లాభం పన్ను దగ్గర ఉంది. ప్రొఫెషనల్‌గా లెక్క చూపేవాళ్లకు, రాబడి 75 లక్షల లోపు ఉండి దాదాపు అంతా బ్యాంకు ద్వారానే వస్తే, అందులో సగాన్నే ఆదాయంగా చూపే వీలుంది. నీ పనికి వర్తిస్తుందేమో ఆడిటర్ని అడుగు. వర్తిస్తే కోసిన టీడీఎస్‌లో చాలా భాగం వెనక్కొస్తుంది. రాబడి 20 లక్షలు దాటితే మాత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

ఈ రెండిట్లో ఏది తీసుకున్నా నాకు బెంగ లేదు. చివర్లో ఓ మాట అన్నావే, కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి "మా పేరోల్‌లో చేరండి, నెలకు లక్ష, ఆర్నెల్ల తర్వాత క్లయింట్ తీసుకుంటాడు" అన్నారని, దాంతోనే నాకు నిద్ర పట్టలేదు. క్లయింట్ వాళ్లకు నీ పేరు మీద ఎంత ఇస్తున్నాడో నీకు చెప్పరు. ప్రాజెక్టు ఆగితే ఇంటికి వెళ్లేది నువ్వు, ఆ రిస్కుకి కట్టిన ఖరీదు మాత్రం కన్సల్టెన్సీది. ఎక్స్‌టెన్షన్ మెయిల్ కోసం ఆఖరి వారం దాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్న పిల్లలను ఎంతమందిని చూశానో! పక్క సీటే, అదే కోడు, మెడలో ట్యాగు రంగు వేరు.

ఇది మన హైటెక్ సిటీకే పుట్టిన రోగం కాదు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ దగ్గర తాత్కాలికంగా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు, ఉద్యోగులకిచ్చే రాయితీ షేర్లు తమకూ ఇవ్వాలని 1992లో కోర్టుకెక్కారు. 2000లో 9.7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బు వచ్చింది సరే, అదే ఏడాది కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఏజెన్సీ మనుషుల్ని ఏడాది పూర్తవగానే 100 రోజులు బయట కూర్చోబెట్టే పద్ధతి పెట్టింది.

అంతగా ఆ కన్సల్టెన్సీకే వెళ్తానంటే, క్లయింట్ ఎప్పుడు తీసుకుంటాడో, ఎంతకి తీసుకుంటాడో, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంటే జీతం ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకో. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. అదే క్లయింట్ కంపెనీయే నేరుగా గడువు పెట్టి తన పేరోల్‌లో తీసుకుంటే సంగతి వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం అలాంటివాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఉంది.

నన్నడిగితే ఇప్పటికి పర్మనెంటే తీసుకో. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరి, పాత క్లయింట్లు నీ పేరు చెప్పి నిన్నే అడిగే రోజున కాంట్రాక్టుకి వెళ్దువుగాని. అప్పుడు రేటు నువ్వే చెప్తావు.

హెచ్ఆర్ కి జవాబిచ్చే ముందు వేరియబుల్ ఎంత, నిరుడు అందులో ఎంత చేతికిచ్చారో అడిగి నాకు చెప్పు. మధ్యాహ్నం పూట ఫోన్ చెయ్యకు, పడుకుంటాను.

మీ అత్త