పాఠం: తలుపు మూశావా?

పిల్లలూ, ఈ వారం మనం సముద్రం మీదకి వెళ్తున్నాం. ముందు ఒక మాట నేర్చుకుందాం: తెరచాప. గాలిని పట్టడానికి ఓడ స్తంభాలకి కట్టే పెద్ద గుడ్డే తెరచాప. ఇంజన్లు వచ్చాక సరుకులు మోసే తెరచాప ఓడలు దాదాపు కనుమరుగయ్యాయి. కొన్నిటిని మాత్రం పిల్లలకీ, కొత్త నావికులకీ పని నేర్పడానికి ఇంకా నడుపుతున్నారు. వాటిని శిక్షణ ఓడలు అంటాం. భారత నౌకాదళంలో 1997 నుంచి ఐఎన్ఎస్ తరంగిణి అనే శిక్షణ ఓడ ఉంది. తరంగం అంటే అల. ఆ పేరు ఎంత బాగుందో చూడండి!

శిక్షణ ఓడలో ఊరికే కూర్చునే ప్రయాణికులు ఉండరు. అందరికీ వంతులు ఉంటాయి. అర్ధరాత్రి మీ వంతు వస్తే అర్ధరాత్రే లేవాలి. స్తంభం ఎక్కేవాళ్ళు భుజాలకీ నడుముకీ పట్టీల బెల్టు కట్టుకోవాలి, దాని కొక్కెం తగిలించుకోవాలి. జేబులో వదులుగా ఏమీ ఉంచుకోకూడదు. పైనుంచి చిన్న స్పానర్ జారినా కింద ఉన్నవాళ్ళ తల పగులుతుంది. ఈ వాక్యాల్లో '-ఆలి', '-కూడదు' గమనించారా? నియమాలు చెప్పేటప్పుడు ఇవే వాడతాం.

ఓడలో జవాబు చెప్పే పద్ధతి కూడా వేరు. 'తాడు బిగించు' అని చెబితే 'ఊఁ' అంటే కుదరదు. విన్నవాళ్ళు 'తాడు బిగిస్తున్నాను' అని అదే మాట తిరిగి చెప్పాలి. పని అయ్యాక 'తాడు బిగించాను' అనాలి. మా ఇంట్లో 'టీవీ ఆపావా?' అని అడిగితే 'ఆపుతున్నా' అనే వినిపిస్తుంది, టీవీ మాత్రం మోగుతూనే ఉంటుంది! ఇంట్లో అయితే నవ్వి ఊరుకుంటాం. సముద్రం మీద ఆ తేడా ఎంత పెద్దదో ఒక నిజమైన ఓడ కథలో చూద్దాం.

దాని పేరు కాంకార్డియా. మూడు స్తంభాల ఓడ. కెనడా వాళ్ళు నడిపిన తేలే బడి అన్నమాట. ఉదయం లెక్కలు చదివిన పిల్లలే తరవాత చుక్కాని పట్టుకునేవాళ్ళు. 2010 ఫిబ్రవరి 17న ఆ ఓడ బ్రెజిల్ తీరానికి చాలా దూరంలో ఉంది. అందులో 64 మంది ఉన్నారు, వాళ్ళలో 48 మంది విద్యార్థులే. ఆ మధ్యాహ్నం ఈదురుగాలి వచ్చింది. ఈదురుగాలి అంటే ఉన్నట్టుండి జోరుగా, వాన మబ్బుతో పాటు వచ్చే గాలి. ఓడ ఒక పక్కకి ఒరిగింది. తెరచాప ఓడలు ఒరగడం మామూలే, మళ్ళీ లేస్తాయి. ఈసారి లేవలేదు. తెరిచి ఉన్న తలుపుల్లోంచి, కిటికీల్లోంచి, గాలి గొట్టాల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. ఓడ మునిగిపోయింది.

తరవాత కెనడా ప్రభుత్వ సంస్థ విచారణ చేసింది. అది ఎవరూ ఊహించలేని వింత గాలి కాదని తేల్చింది. ఈదురుగాలులు రావచ్చని ఓడ నడిపేవాళ్ళకి తెలుసు. ఎంత గాలికి ఎంత ఒరిగితే ప్రమాదమో చెప్పే కాగితాలు కూడా ఓడలోనే ఉన్నాయి. వాటిని వాడలేదు. తెరచాపలు ముందే తగ్గించలేదు, తలుపులు బిగించలేదు.

మరి ఆ 64 మంది? అందరూ బతికారు! అలారం మోగితే ఎవరు ఎక్కడికి రావాలో, ప్రాణరక్షక తెప్ప ఎలా ఎక్కాలో ముందే సాధన చేశారు. ఓడ నీళ్ళలోకి వెళ్ళగానే ఒక చిన్న రేడియో పెట్టె తనంతట తనే విడిపోయి పైకి తేలింది, ఉపగ్రహానికి సంకేతం పంపింది. పిల్లలు దాదాపు 40 గంటలు తెప్పల్లో ఉన్నారు. చివరికి సరుకుల ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. ఒకే ఓడలో ఒక అలవాటు గట్టిగా ఉంది, ఇంకో అలవాటు వదులుగా ఉంది. నాకు ఈ కథలో అదే ముఖ్యం అనిపిస్తుంది.

ఇప్పుడు మూడు మాటలు పైకి చదవండి. మూస్తాను: ఇంకా మూయలేదు. మూస్తున్నాను: ఇప్పుడు చేస్తున్నాను. మూశాను: పని అయిపోయింది. ఓడ అధికారికి కావలసింది మూడోది.

అభ్యాసం

1. ఇలాగే మూడు రూపాలూ రాయండి: కట్టు, చూడు, బిగించు, తొడుక్కో.

2. ఒకరు ఓడ అధికారి, ఒకరు నావికుడు. అధికారి ఐదు పనులు చెప్పాలి. నావికుడు తిరిగి చెప్పాలి, పని అయ్యాక మళ్ళీ చెప్పాలి. 'ఓకే' అన్నవాళ్ళు అవుట్!

3. ఎండ కాస్తోంది. తలుపులు మూస్తే లోపల ఉక్కపోత, స్నేహితులు గొడవ చేస్తారు. దూరంగా ఒక నల్ల మబ్బు కనిపించింది. ఇప్పుడు మీ వంతు. తలుపులు ఎప్పుడు మూయమంటారు? వాళ్ళకి ఏమని చెబుతారు? ఐదు వాక్యాలు రాయండి.

4. రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో గ్యాస్, తలుపు గడియ ఎవరు చూస్తారో అమ్మానాన్నలని అడగండి. ఇవాళ ఒక్కరోజు ఆ పని మీరే చేసి, 'చూశాను', 'వేశాను' అని వాళ్ళకి తెలుగులో చెప్పండి.