రెండు భవనాల మధ్య ఏ ఫైబర్ కేబుల్?

ప్రశ్న: మా కళాశాలలో రెండు భవనాల మధ్య 450 మీటర్ల కేబుల్ వేయాలి. 10 గిగాబిట్ వేగానికి మల్టీమోడ్ ఓఎం3 చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలదండి. మల్టీమోడ్‌లో కాంతి పలు దారుల్లో సాగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ కిరణాలు వేర్వేరు సమయాల్లో చేరి సంకేతం చెదిరిపోతుంది. అందుకే ఈ వేగానికి ప్రమాణాలు ఓఎం3కి 300, ఓఎం4కి 400 మీటర్ల హద్దు పెట్టాయి. కాంతిని ఒకే దారిలో నడిపే సింగిల్‌మోడ్ ఓఎస్2, తగిన మాడ్యూళ్లతో 10 కిలోమీటర్ల వరకూ పనిచేస్తుంది. ఆ మాడ్యూళ్లు ఖరీదంటారు, నిజమే. కానీ మాడ్యూల్ మార్చడం తేలిక, కేబుల్ కోసం మళ్లీ నేల తవ్వడమే అసలు భారం. కాబట్టి ఆరుబయట వేసేందుకు తయారైన ఓఎస్2 కేబుల్‌నే కొనండి. రెండు చివర్లా సింగిల్‌మోడ్ మాడ్యూళ్లే పెట్టండి. భవిష్యత్తు కోసం కొన్ని ఫైబర్లు అదనంగా ఉంచుకోండి. అతుకులు పూర్తయ్యాక కూడా లింకు తెగుతూ ఉంటే, ఓటీడీఆర్ పరికరమున్న నిపుణుణ్ని పిలిపించి పరీక్ష చేయించండి.