పోటీ పరీక్షల ప్రత్యేకం: డాక్యుమెంటరీ పాటకు ఆస్కార్

ఆస్కార్‌లో ‘ఒరిజినల్ సాంగ్’ అంటే సాహిత్యం, బాణీ రెండూ ఆ చిత్రం కోసమే పుట్టాలి. పాత పాటను తెచ్చి వాడుకుంటే అర్హత ఉండదు. ఉదాహరణకు, 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు, మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాశారు. ఎంత గొప్ప గీతమైనా, రేపు ఎవరైనా డాక్యుమెంటరీలో వాడితే అది ఈ విభాగంలోకి రాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అభ్యర్థులకు నిర్వచనం గుర్తుండటానికి మన ఊరి ఉదాహరణే మేలు.

డాక్యుమెంటరీ పాటకు తొలిసారి ఆ పురస్కారం దక్కింది 2007లో. పాట ‘ఐ నీడ్ టు వేక్ అప్’, రచన, గానం మెలిస్సా ఎథరిడ్జ్. చిత్రం ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ (2006), దర్శకుడు డేవిస్ గుగెన్‌హైమ్, విషయం భూతాపం. అల్ గోర్ ప్రసంగాలే దానికి ఆధారం. ఆ ఏడాది ‘డ్రీమ్‌గర్ల్స్’ నుంచి మూడు పాటలు పోటీలో ఉన్నా ఈ పాటే గెలిచింది. చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారమూ వచ్చింది.

చాలామంది తడబడేది 2023 దగ్గర. ఆ ఏడాది ఈ విభాగంలో గెలిచిన ‘నాటు నాటు’ (కీరవాణి, చంద్రబోస్) కథాచిత్రంలోని పాట. అదే వేదికపై గెలిచిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ లఘు డాక్యుమెంటరీ. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్, నేపథ్యం తమిళనాడులోని ముదుమలై. ఏనుగులనగానే కుప్పం వైపున్న కౌండిన్య అభయారణ్యమని రాసేయకండి.