తాళంచెవి మీ జేబులోనే ఉండాలి

భవానీపురం నుంచి గొల్లపూడి మీదుగా ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు డ్యూటీకి వెళ్లే ఎలక్ట్రీషియన్లకు, హెల్పర్లకు ఈ నాలుగు మాటలు. మీ పని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు మీద కావచ్చు, చిన్న ఫ్యాక్టరీలో కావచ్చు. ప్రాణాలు తీసే మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే: "ఆఫ్ చేశానన్నా, పని మొదలెట్టు." ఆ మాట అన్నవాడు నిజమే చెప్పి ఉంటాడు. కానీ అతను టీకి వెళ్లాక ఇంకొకరు వచ్చి, మోటారు ఎందుకు ఆగిందో తెలియక స్విచ్ వేస్తారు.

లైన్‌మన్ ఎల్‌సి (లైన్ క్లియర్) తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదు. ప్లాంటులో మీకూ పర్మిట్ ఉంటుంది. అయితే పర్మిట్ కాగితం స్విచ్ హ్యాండిల్‌ని పట్టుకుని ఆపలేదు.

కన్వేయర్ మోటారునే తీసుకోండి. పక్కనున్న స్టాప్ బటన్ నొక్కితే బెల్టు ఆగుతుంది గానీ ప్యానెల్‌లో కరెంటు పోదు. ఆ బటన్ కంట్రోల్ సర్క్యూట్‌ని తెంచి కాంటాక్టర్‌ని తెరుస్తుంది, అంతే. కాంటాక్టర్ పైవైపు మూడు ఫేజులూ అలాగే ఉంటాయి. అందుకే ప్యానెల్ దగ్గరికి వెళ్లి ఆ ఫీడర్ ఐసొలేటర్ ఆఫ్ చేసి, హ్యాండిల్‌కి మీ తాళం మీరే వేయండి. ట్యాగ్ మీద పేరు, పని, సమయం రాయండి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడాలి. మేస్త్రీ తాళం అందరికీ సరిపోదు.

తర్వాత కరెంటు పోయిందో లేదో చూడాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదని నమ్మొద్దు. మల్టీమీటర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి, అది పనిచేస్తోందని తేల్చుకోండి. ఆపైన మీ టెర్మినల్స్ మీద ఫేజుకీ ఫేజుకీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి. మళ్లీ ఒకసారి కరెంటు ఉన్నచోట పెట్టండి. మధ్యలో మీటరే చెడిపోతే ఈ చివరి పరీక్షలోనే దొరుకుతుంది. డ్రైవ్ ఉంటే దాని లేబుల్ మీద రాసినంత సేపూ ఆగాలి, లోపలి కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. జనరేటర్ ఉన్నచోట అటువైపు కూడా తాళం పడాలి. బుడమేరు వాగు పొంగిన 2024 సెప్టెంబరు లాంటి రోజుల్లో, లైను పోయి జనరేటర్లు నడుస్తాయి కాబట్టి, ఇది మరీ ముఖ్యం. నీళ్లు నిలిచిన ప్యానెల్‌ని ఆరబెట్టి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూశాకే ఆన్ చేయండి.

గ్లౌజుల విషయానికొస్తే, క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు 1000 వోల్టుల వరకే. 11 కేవీ దగ్గర వాటితో చేయి పెట్టకూడదు. తొడిగే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి గాలి బిగించి, చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా బుస్సుమన్నా ఆ జత పక్కన పడేయాల్సిందే. రబ్బరు చిరగకుండా పైన తోలు గ్లౌజు ఉండాలి. మే నెల ఉక్కపోతకు తీసేయాలనిపిస్తుంది, నిజమే. కానీ చెమటపట్టిన చర్మంలోంచి కరెంటు ఇంకా తేలిగ్గా పోతుంది. లోపల పలుచని నూలు గ్లౌజు వేసుకుంటే కొంత నయం.

ఇవన్నీ సొంత డబ్బుతో కొనకండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం గ్లౌజులు, హెల్మెట్, ఎర్తింగ్ సామాను, టెస్టర్ లాంటివి పనిచేసేవారికి సమకూర్చాలి. ఇవ్వకపోతే సేఫ్టీ ఆఫీసర్‌ని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే అడగడం కష్టమనిపిస్తే గ్యాంగంతా కలిసి సంతకాలు పెట్టండి.

షిఫ్టు మారేటప్పుడు తొందరపడొద్దు. వచ్చినవాళ్లను ప్యానెల్ దాకా తీసుకెళ్లి, పని ఎంతవరకు వచ్చిందో చెప్పండి. వాళ్ల తాళం పడ్డాకే మీది తీయండి.