పేలాల పెట్టెలకు ఆర్డరు వ్రాయుటకు ముందు



పేలాలు మనకు క్రొత్త వస్తువు కాదు. తొలి ఏకాదశినాడు జొన్న పేలాలను విసరి, బెల్లము కలిపి పేలపిండి చేసికొను ఆచారము మన పల్లెలలో నేటికిని ఉన్నదే. అయితే పట్టణములలో పాప్‌కార్న్ అను పేరుతో అమ్ముడగునవి మొక్కజొన్న పేలాలు. గింజగా అమ్మిన దానికంటె పేలాలుగా వేయించి, సంఘము పేరు అచ్చువేసిన పెట్టెలలో పోసి, తిరునాళ్ళలోను సినిమాహాళ్ళ యొద్దను అమ్మిన లాభము హెచ్చుగదా యని కొందఱు సభ్యులు మమ్ము అడుగుచున్నారు. ఆలోచన మంచిదే. కాని వారు వెంటనే అడుగు రెండవ ప్రశ్న యేమనగా, "పదివేల పెట్టెలు ఒక్కసారి చెప్పినచో ప్రెస్సువారు చౌకగా నిత్తురట, చెప్పుదుమా?" అని. ఈ ప్రశ్నకు జవాబు ప్రెస్సులో లేదు, కళ్లములో నున్నది. దానిని వివరించుటకే ఈ వ్యాసము.

మేము సలహాదారుగా నున్న ఒక సంఘములో కొన్నేండ్ల క్రిందట జరిగిన దానిని ముందు చెప్పెదము. సభ్యులు పేలాల రకపు మొక్కజొన్న పండించిరి. పంట కోతకు రాకమునుపే పెట్టెలు సిద్ధముగా నుండవలెనను తొందరచేత, బజారులో కొన్న గింజలను వేయించి చూచి, ఆ పేలాలు పట్టు పరిమాణమునకు పదివేల పెట్టెలు చేయించిరి. తరువాత తమ పంటను తారు రోడ్డుపై ఎండబోసి, గలగల మను వఱకు ఆరనిచ్చిరి. తీరా వేయించి చూడగా ఆ గింజలు సగమే పేలినవి. పేలినవియు చిన్నవిగా నుండెను. ఎప్పటి తూకము గింజలనే వేసినను పెట్టెలో మూడవ వంతు వెలితి. తిరునాళ్ళలో కొన్న పిల్లవాడు పెట్టెలోనికి తొంగి చూచి తల్లి మొగము వంక చూచుట మేము కన్నులార చూచితిమి. పెట్టె నిండవలెనన్న గింజ హెచ్చు పోయవలెను. పోసిన లాభము పోవును. అంతటితో నయినను బాగుండెడిది. పెట్టెమీద ఊరి పేరులో ఒక వత్తు ఊడిపోయినది. అచ్చునకు ముందు వచ్చిన ప్రూఫును చూచి సరియని సంతకము చేసినది మేమే. అప్పటినుండి ఈ విషయమున మేము కొంత చాదస్తులమైతిమి.

గింజ ఎందుకు పేలునో తెలిసినగాని పెట్టె కొలత తెలియదు. పేలాల మొక్కజొన్నకు పైతొక్క గట్టిది, సందు లేనిది. లోపల కొంచెము నీరుండును. గింజకు వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరియై, బయటికి పోవు దారిలేక లోపలి పిండిని ఉడికించి మెత్తజేయును. వేడి సుమారు 180 సెంటిగ్రేడు డిగ్రీలకు వచ్చునప్పటికి లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లంత యగును. అప్పుడు తొక్క పగిలి, పిండి నురుగువలె పొంగి, వెంటనే గట్టిపడును. కావున రెండు సంగతులు ముఖ్యము. మొదటిది, తొక్కపై గీత పడరాదు. పడినచో ఆవిరి అందుండి జారిపోవును. నూర్పిడి యంత్రమును వేగముగా త్రిప్పి గింజకు దెబ్బ తగిలించిన రైతు తన పేలాలను కళ్లములోనే పోగొట్టుకొన్నవాడు. రెండవది, గింజలో తేమ నూటికి 13 మొదలు 14½ వఱకు ఉండవలెను. అంతకు తగ్గిన ఆవిరి చాలదు; మిక్కిలి హెచ్చిన తొక్క ముందుగానే మెత్తబడి, పేలాలు గిడసబారి నమలుటకు సాగును. కోళ్ళ మేతకు పండించు సంకర రకములు ఎంత మంచివైనను ఈ పనికి రావు. అంబర్ పాప్‌కార్న్ వంటి ప్రత్యేకమైన రకములనే వేయవలెను.

కంకులను నీడపట్టున గాలి తగులునట్లు మెల్లగా ఆరబెట్టుట మేలు. తేమ కొలుచు యంత్రము మార్కెట్ యార్డులో దొరకును. మన సంఘమునకు ఒకటి కొన్నను నష్టము లేదు. ఒకవేళ గింజ ఎక్కువగా ఎండిపోయినచో దానిని తిరిగి దారికి తెచ్చు ఉపాయము కలదు. 10 కిలోల గింజలో తేమ నూటికి 11 ఉన్నదనుకొందము. అప్పుడు ఎండు పదార్థము 8.9 కిలోలు. తేమ 13½ కావలెనన్న మొత్తము బరువు సుమారు 10.29 కిలోలు కావలెను. అనగా చేర్చవలసిన నీరు సుమారు 290 మిల్లీలీటర్లు. గింజను మూత గట్టిగానుండు డబ్బాలో పోసి, ఈ నీరు చిలికి, పూటకొకసారి కుదుపుచు మూడు నాలుగు దినములుంచవలెను. ఇట్లు తడిపిన గింజను నిలువ చేయరాదు, బూజు పట్టును. అప్పటికప్పుడు వేయించుకొనుటకే.

ఇప్పుడు పెట్టె కొలతకు వత్తము. మీ పంట గింజను సరియైన తేమకు తెచ్చి, సరిగా 100 గ్రాములు తూచి, మీరు వాడబోవు యంత్రములోనే, వాడబోవు నూనెతోనే వేయించుడు. వచ్చిన పేలాలను లీటరు గుర్తులున్న పాత్రలో పోయుడు. అదిమి కొలువరాదు. ఇట్లు మూడు పర్యాయములు చేసి సగటు తీయుడు. 100 గ్రాములకు 4 లీటర్లు వచ్చెనా, గింజ మంచిది. లీటరు పెట్టెకు 25 గ్రాముల గింజ చాలును. 3 లీటర్లే వచ్చెనా, అదే పెట్టెకు 33 గ్రాములు కావలెను. క్వింటాలు గింజకు మొదటి లెక్కన 4,000 పెట్టెలు, రెండవ లెక్కన 3,000 పెట్టెలు. వేయి పెట్టెల తేడా! ఈ తేడా ప్రెస్సువారి ధరలో పైసలు బేరమాడుటచేత వచ్చునది కాదు.

లోపలి కొలతలు 10 సెంటీమీటర్ల పొడవు, 6½ వెడల్పు, 15½ ఎత్తు గల పెట్టె లీటరు కంటె కొంచెము హెచ్చు పట్టును. ఆర్డరులో "లోపలి కొలతలు" అని స్పష్టముగా వ్రాయుడు. అచ్చునకు ముందే, ముద్రణ లేని తెల్ల అట్టతో రెండు పెట్టెలు చేసి ఇమ్మని అడుగుడు. వానిలో మీ పేలాలు పోసి, బండిమీద ఒక క్రోసు త్రిప్పి తెచ్చి, ఎంత దిగినవో చూచుకొనుడు. చూచినవారు నవ్విన నవ్వనిండు.

అట్ట సంగతి. చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగునో దానినే జి.ఎస్.ఎం. అందురు. ఈ పెట్టెలకు 250 మొదలు 300 వఱకు చాలును. గ్రాములకంటె ముఖ్యమైనది జాతి. లోపలివైపు బూడిద రంగుగా నుండు చౌక అట్ట పాత కాగితములను నానబెట్టి చేసినది. ఆ పాత సిరాల నూనెలు తినుబండారములకు అంటవచ్చును. క్రొత్త గుజ్జుతో చేసిన, ఆహారమునకు తగిన అట్టనే కోరుడు. ఇట్టి అట్టలు భద్రాచలము దగ్గఱ సారపాక మిల్లులోను తయారగుచున్నవి. మన రైతులు గట్లపై పెంచి అమ్మిన సుబాబులు కఱ్ఱ, జామాయిలు కఱ్ఱ ఇట్టి మిల్లులకే పోవును గదా. మన కఱ్ఱ అట్టయై మన పేలాలను మోయుటకు తిరిగి వచ్చుచున్నదన్నమాట. అచ్చువేసిన వైపు తినువస్తువునకు తగులరాదని 2018 నాటి ఆహార ప్యాకింగు నిబంధనలు చెప్పుచున్నవి. వార్తాపత్రికలలో పొట్లము కట్టుట కూడ ఆ నిబంధనలచేతనే నిషిద్ధము. సిరా భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 15495 ప్రకారమున్నదా యని అడిగి, జవాబును కాగితముమీద తీసికొనుడు.

అట్టపెట్టె ఒక్కటే పేలాలను కాపాడునని తలపరాదు. పేలాలు గాలిలోని తేమను పీల్చి గంటలలో మెత్తబడును. చికాగో నగరమున క్రాకర్‌జాక్ అను పాకపు పేలాలు అమ్మినవారు 1899లో మైనపు కాగితముతో తేమ చొరని పెట్టెను పట్టుకొన్న తరువాతనే వారి సరకు దూరదేశములకు పోయినది. మీరు కండ్ల ఎదుట వేయించి అమ్మువారైన తెఱచిన పెట్టె చాలును. దుకాణములలో నిలువ ఉంచువారైన లోపల గాలి చొరని సంచి తప్పదు. అప్పుడు ఆ సంచి ఖర్చును, దాని మందమును పెట్టె కొలతలో చేర్చుకొనవలెను.

ఇక ధర. పెట్టెను కత్తిరించి మడత గీతలు వేయు చట్రమును డై అందురు. ఈ పద్ధతి ఒక పొరపాటునుండి పుట్టినది. 1879లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ అను ముద్రాపకుడు విత్తనముల సంచులు అచ్చువేయించుచుండగా, మడత నొక్కవలసిన లోహపు పట్టీ జరిగి సంచులను కోసివేసెను. నష్టమునకు విచారించుచునే ఆయన, కోతయు మడతయు ఒకే యంత్రమున ఒకే దెబ్బకు చేయవచ్చునని గ్రహించెను. అంతకు ముందు అట్టపెట్టెలు చాలవఱకు చేతిపనియే. ఈ డైకిని, ఒక్కొక్క రంగునకు కావలసిన ప్లేటునకును అగు ఖర్చు, పెట్టెలు వేయి యైనను ఇరువది వేలైనను ఒక్కటే. అందుచేతనే సంఖ్య పెరిగిన కొలది ఒక్కొక్క పెట్టె ధర తగ్గును. లెక్క నేర్చుకొనుట కొఱకు కొన్ని అంకెలను కల్పించుకొందము. డై, ప్లేట్ల ఖర్చు 9,000 రూపాయలు. ఆపై పెట్టెకు 3 రూపాయలు. వేయి పెట్టెలైన ఒక్కొక్కటి 12 రూపాయలు పడును. 5,000 అయిన 4 రూపాయల 80 పైసలు. 20,000 అయిన 3 రూపాయల 45 పైసలు. ఇది చూచి ఇరువది వేలే చెప్పుదుమని మనసగును. కాని ఏడాదిలో 6,000 పెట్టెలే చెల్లి, తక్కినవి చెదకును చెమ్మకును పాలయ్యెనా, 69,000 రూపాయలను 6,000తో భాగింపుడు: పెట్టె 11 రూపాయల 50 పైసలు! ఇరువది వేలు చెప్పియు వేయి పెట్టెల ధరయే ఇచ్చినట్లయినది. కావున మొదటి ఆర్డరు ఒక్క పంటకాలపు అమ్మకమునకు మించరాదని మా అభిప్రాయము. డై ఎవరి సొత్తో రసీదులో వ్రాయించుకొనుడు. రెండవ ఆర్డరునకు ఆ ఖర్చు తప్పును.

సంఘములు కలిసి చేయదగిన మేలు ఒకటి ఇందు కలదు. బొమ్మలను, రంగులను అన్ని సంఘములకు ఒక్కటిగా నుంచి, సంఘము పేరు, ఊరు, చిరునామా మాత్రము నల్ల రంగులో నుంచినచో, నల్ల ప్లేటు ఒక్కటి మార్చి మూడు నాలుగు సంఘముల పెట్టెలను ఒకే విడతలో అచ్చువేయవచ్చును. డై ఖర్చును, తక్కిన ప్లేట్ల ఖర్చును పంచుకొనవచ్చును. ఇందుకు ఆ అక్షరములు రంగు నేలపై తెల్లగా నుండరాదు. తెల్ల నేలపై నల్లగా నుండవలెను. ఈ మాట బొమ్మ గీయువానితో ముందే చెప్పుడు.

పెట్టెపై ఏమేమి వ్రాయవలెను? ముందుగా నింపి మూసి అమ్ము పెట్టెపై వస్తువు పేరు, అందు చేరిన పదార్థములు, పోషక విలువలు, నికర తూకము, తయారుచేసినవారి చిరునామా, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడవలెనో ఆ తేదీ, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయుటకు ఫోను నంబరు ఉండవలెను. కండ్ల ఎదుట పోసి ఇచ్చు తెఱచిన పెట్టెకు ఇన్ని అక్కఱలేకున్నను, ఆహార శాఖలో నమోదు మాత్రము తప్పదు. నికర తూకము వేయించిన తరువాతి తూకము, గింజ తూకము కాదు. వేయించునప్పుడు నీరు ఆవిరియై పోవును, పేలని గింజలను ఏరివేయుదుము, నూనె ఉప్పు చేరును. మఱల తూచియే వ్రాయుడు.

తేదీని, బ్యాచిని, ధరను ఎన్నడును ప్లేటులో నెక్కింపకుడు. వానికి వార్నీషు పూయని తెల్ల చోటు విడిపింపుడు. వార్నీషు మీద ముద్ర సిరా అంటదు, వ్రేలు తగిలిన చెఱగిపోవును. ధర విషయమున జాగ్రత్త మఱింత అవసరము. ఉప్పుకారపు పేలాలు విడిగా అమ్మిన ఒక పన్ను, పెట్టెలో అమ్మిన ఒక పన్ను, పాకము పట్టిన వానికి ఇంకొకటి యని 2024 డిసెంబరులో జి.ఎస్.టి. మండలి వివరించెను, 2025 సెప్టెంబరు 22 నుండి పన్ను శ్రేణులే మారిపోయినవి. ఆ నడుమ ధర అచ్చువేయించుకొన్నవారి అవస్థ ఊహించుకొనుడు.

ప్రూఫు చూచునప్పుడు ఒక్కరు చూచిన చాలదు. ఫోనులో వ్రాసి పంపిన తెలుగు ప్రెస్సువారి అక్షరములలోనికి మారునప్పుడు వత్తులు, గుణింతములు తారుమారగుట కద్దు. ఊరి బడిలో చదువు పిల్లలిద్దఱిని పిలిచి, ఒకరిని పైకి చదువుమని, ఒకరిని మూల ప్రతితో పోల్చుమని చెప్పుడు. పెద్దలు తెలిసిన మాటను చూడకయే చదివివేయుదురు. మావలెనే! ఫోను నంబరునకు అక్కడికక్కడే పిలిచి చూడుడు. రంగును ఫోను తెరపై చూచి ఒప్పుకొనరాదు. అచ్చు కాగితముమీదనే చూడవలెను.

పెట్టెలు మడిచిన కట్టలుగా వచ్చును. వచ్చిన దినముననే నాలుగు కట్టలను విప్పి లెక్కించి, పది పెట్టెలను నిలిపి, అంటు ఊడునేమో చూచి, తరువాతనే మిగిలిన సొమ్ము చెల్లింపుడు. చెప్పిన సంఖ్యకు నూటికి ఎంత హెచ్చుతగ్గు ఒప్పుదురో ఆర్డరులోనే వ్రాసియుండవలెను. కట్టలను నేలపై గాని, గోడకు చేర్చి గాని, ఎరువుల బస్తాలున్న గదిలో గాని ఉంచకుడు. అట్ట వాసనను పట్టును. ఈ కారు గింజ చేతికి వచ్చిన సభ్యులు తమ గింజ వంద గ్రాములు మూత గట్టి సీసాలో వచ్చు సమావేశమునకు తెచ్చినచో, అందఱి ఎదుట వేయించి కొలిచి చూపెదము.