అమ్మమ్మ గురించి రాసేముందు

చిట్టీ,

నువ్వు పంపిన కాగితాలు చదివాను. అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయిద్దామన్న నీ ఆలోచన నాకు నచ్చింది. రాసిందే నచ్చలేదు. త్యాగమూర్తి, సహనశీలి, కుటుంబానికి వెలుగు... మా అమ్మ పేరు కొట్టేసి ఎదురింటి మామ్మగారి పేరు పెట్టినా ఆ పేజీలు అలాగే సరిపోతాయి. కోప్పడకు. నువ్వుండే హాంబర్గ్ ఊరి మనిషి సంగతే ఒకటి చెబుతాను, విను.

1646 ప్రాంతంలో అక్కడ గ్లికల్ అనే యూదుల పిల్ల పుట్టింది. తనకి ఇంకా ఊహ సరిగా తెలియనప్పుడే యూదుల్ని హాంబర్గ్ నుంచి వెళ్లగొట్టారు. పక్కనే ఉన్న ఆల్టొనా అప్పట్లో డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది, వాళ్లంతా అక్కడ తలదాచుకున్నారు. పద్నాలుగేళ్లకి హామెల్న్ ఊరి హాయిమ్‌తో పెళ్లి. పద్నాలుగు మందిని కంటే పన్నెండు మంది పెరిగి పెద్దయ్యారు. 1689లో భర్త పోయాడు. అప్పటికింకా ఎనిమిది మందికి పెళ్లి కాలేదు. రాత్రుళ్లు నిద్రపట్టక, దిగులు తట్టుకోలేక, 1691లో ఇడ్డిష్ భాషలో తన కథ రాయడం మొదలుపెట్టింది. అచ్చు వేయించడానికి కాదు, తమ పెద్దలెవరో పిల్లలకీ వాళ్ల పిల్లలకీ తెలియాలని. ఒక కొడుకు నకలు రాసి దాచబట్టి మనకి మిగిలింది. అచ్చయింది 1896లో, ఆవిడ పోయిన నూట డెబ్భై రెండేళ్లకి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తల్లి పిల్లల కోసం రాస్తూ పిల్లలకి ఏం చెప్పిందనుకున్నావ్? ముందు డబ్బు సంగతి. బంగారం, చిన్న ముత్యాలు, నగల వ్యాపారం వాళ్లది. ఎవరితో బేరం కుదిరింది, ఏ భాగస్వామి ముంచాడు, ఏ పిల్లకి ఎంత కట్నం ఇచ్చారు, అన్నీ రాసింది. చివరి ఘడియల్లో ఏమైనా చెప్పాలా అని అడిగితే, అంతా నా భార్యకి తెలుసని హాయిమ్ అన్నాడట. సుమారు 20,000 థేలర్ల అప్పు నెత్తిన ఉంది. సరుకు వేలం వేసి అదంతా తీర్చింది. తర్వాత మేజోళ్లు అల్లించే పని పెట్టింది, హాలండ్ నుంచి సరుకు తెప్పించింది, లైప్‌జిగ్ సంతలకి తిరిగింది. ప్రేమ ఎక్కడుందని అడుగుతావేమో. ఆ లెక్కల్లోనే ఉంది.

మా అమ్మ గురించి నీ కాగితాల్లో ఒక్క రూపాయి లేదు! నాన్న పోయాక రెండు గేదెలతో పాలు పోసి, వీధి మొత్తానికీ చీటీలు కట్టించి, మీ మావయ్యని ఇంజనీరింగ్ చదివించిన మనిషి. చీటీ ఎగ్గొట్టిన వాళ్లింటి ముందు కుర్చీ వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. అది రాస్తే ఆవిడ మర్యాద తగ్గుతుందని ఎవరన్నారు?

నవ్వొచ్చినవీ వదలకు. గ్లికల్ మొదటి కాన్పుకి పుట్టింట్లో ఉంటే, వారం తిరిగేసరికి తల్లీ కనింది. ఇద్దరు బాలింతలూ ఒకే గదిలో. ఒక రాత్రి ఎవరి బిడ్డ ఎవరి పక్కలో ఉందో తారుమారై ఇల్లంతా గగ్గోలు పుట్టింది. సొలొమోను రాజు వచ్చి తీర్పు చెప్పాల్సినంత పనయిందని ఆవిడే వేళాకోళం చేసింది. అప్పుడు గ్లికల్‌కి పుట్టిన కూతురు సిప్పోరాకే 1674లో క్లేవ్స్ ఊళ్లో పెళ్లి. బ్రాండెన్‌బర్గ్ యువరాజు కూడా వచ్చాడు. తీరా ముహూర్తం వేళకి చూస్తే పెళ్లి ఒడంబడిక పత్రం రాయడమే మర్చిపోయారు! మన ఇళ్లలో మంగళసూత్రం ఇంట్లో మరచి మండపానికి వెళ్లినట్టన్నమాట. ఇంత ఘనమైన పెళ్లిలో ఆవిడ ఆ పొరపాటుని దాచలేదు.

కష్టాల్నీ అలాగే రాసింది. భర్త కన్నుమూస్తుంటే ఒళ్లోకి తీసుకోవాలని ఆవిడకి ఉంది. ఆ రోజుల్లో తను మైలలో ఉంది. స్నానం అయ్యేదాకా ముట్టుకోకూడదని వాళ్ల ధర్మం. త్వరలోనే నీ స్నానం అవుతుంది కదా అని ఆయన వద్దన్నాడు. ఆ స్నానం దాకా ఆయన ఉండలేదు. మన పాతకాలపు ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. బెర్లిన్‌లో వ్యాపారం చేసి దివాలా తీసిన కొడుకు లైబ్ సంగతీ రాసింది. 1700లో మెట్జ్ ఊరి పెద్ద షావుకారుని మళ్లీ పెళ్లి చేసుకుంటే, రెండేళ్లు తిరక్కుండా ఆయన దివాలా తీశాడు. పిల్లలకి బరువు కాకూడదని చేసుకున్న పెళ్లి అది. చివరికి 1715లో, మనసొప్పకపోయినా, అదే ఊళ్లో కూతురు ఎస్తేర్ పంచన చేరింది. అక్కడ తనకి జరిగిన మర్యాదని కూడా తృప్తిగా రాసుకుంది. 1724లో అక్కడే పోయింది.

అమ్మమ్మ పోయినప్పుడు పక్కన లేకపోయానని చివర్లో రాశావు. దానికీ ఆవిడ పుస్తకంలోనే ఒక కథ ఉంది. ఒక పక్షి తన మూడు పిల్లల్ని ఒక్కొక్కటిగా కాళ్లతో పట్టుకుని సముద్రం దాటిస్తోంది. నేను ముసలినయ్యాక నన్ను చూస్తావా అని అడిగింది. మొదటి రెండూ ఎందుకు చూడను అన్నాయి. అబద్ధమని వాటిని నీళ్లలో వదిలేసింది. మూడోది, నీకు మాటివ్వలేను, నువ్వు నాకు చేసింది నా పిల్లలకి చేస్తాను అంది. దాన్నే ఒడ్డుకి చేర్చింది. ఆ రెండింటి శిక్ష మరీ కటువుగా ఉందని నాకనిపిస్తుంది, అది వేరే సంగతి. నువ్వు మాత్రం క్షమాపణల పేజీ తీసెయ్. నిన్ను విమానం ఎక్కించడానికి గాజులు కుదువపెట్టిన మనిషి, నువ్వు పరిగెత్తి రాలేదని బాధపడి ఉండదు.

ఒక్క పని చెయ్యి. ఆ గాజుల సంగతి మీ అమ్మని అడుగు, మీ మావయ్యని అడుగు, నన్నూ అడుగు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లకి చెప్పకు. ముగ్గురం మూడు రకాలుగా చెబుతాం, చూస్తూ ఉండు. మూడూ రాయి. మీ మావయ్య తీసెయ్యమంటే నా పేరు చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ