కందకం లోతు: నేల నుంచి కాదు, మట్టం నుంచి

మురుగు గొట్టం వేయడానికి వీధిలో కందకం తవ్వుతున్నప్పుడు, చూసేవారికి కష్టమంతా మట్టిని తీయడంలోనే ఉన్నట్టు తోస్తుంది. యంత్రాల రాకతో ఆ కష్టం చాలావరకు తీరింది. పలుగు, పార, తట్ట పట్టుకొని ఎందరో రోజంతా చేసే తవ్వకాన్ని యంత్రం ఒక పూటలో ముగించగలదు. అయితే ఎక్కడ ఆగాలో యంత్రానికి తెలియదు. అది మనిషి చెప్పవలసిన మాట. ఆ మాట తప్పితే గొట్టంలో నీరు నిలుస్తుంది, రోడ్డు కుంగుతుంది, కొన్నిసార్లు మనిషి ప్రాణమే పోతుంది. కందక యంత్రాన్ని నడిపేవారికి, దాని వెంట పనిచేసే కూలీలకు, మేస్త్రీలకు, తమ వీధిలో జరిగే పనిని గమనించదలచిన గృహస్థులకు ఈ పాఠం ఉద్దేశించబడింది.

1. కూలికి ఒక కొలత, గొట్టానికి మరొక కొలత

మట్టిపని తెలుగువారికి కొత్త కాదు. దేశంలో ఆనకట్టలు, కాలువలు, రహదారులు నిర్మించిన చోట్ల పాలమూరు కూలీల చెమట కలిసి ఉన్నది. ఆ పనులలో లోతును కొలిచే పద్ధతి ఒకటి తరతరాలుగా నడుస్తున్నది. గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలిపెడతారు. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మె సాక్ష్యం చెబుతుంది. దిమ్మె పైభాగం నుంచి గొయ్యి అడుగు వరకు కొలిచి, తీసిన మట్టి ఎంతో లెక్కగట్టి కూలి చెల్లిస్తారు. ఆ లెక్కకు ఆ కొలత సరైనదే.

గొట్టపు కందకానికి మాత్రం అది చాలదు. మురుగు గొట్టంలో నీటిని నెట్టే మోటారు ఉండదు. వాలు ఒక్కటే దానిని నడిపిస్తుంది. పైనున్న నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కందకం అడుగు ఒకే వాలుతో సాగాలి. అందుచేత లోతును అప్పటికప్పుడు కాలికింద ఉన్న నేల నుంచి కాక, కదలని ఒక స్థిరమట్టం నుంచి లెక్కించాలి. వంతెన గోడ మీదనో, పాత కట్టడపు మెట్టు మీదనో సర్వేయరు గుర్తించిన అటువంటి స్థానాన్ని బెంచ్‌మార్క్ అంటారు.

2. ఒక ఉదాహరణ

ఒక వీధిలో 30 మీటర్ల దూరాన రెండు మ్యాన్‌హోళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది ‘అ’, రెండవది ‘ఆ’. వాలు వందకు ఒకటి, అనగా వంద మీటర్ల పొడవుకు ఒక మీటరు దిగుదల. ఆ లెక్కన 30 మీటర్లకు 30 సెంటీమీటర్లు దిగాలి. బెంచ్‌మార్క్ మట్టాన్ని 100.000 మీటర్లుగా తీసుకుందాం. ‘అ’ వద్ద గొట్టం లోపలి అడుగు మట్టం 98.200. గొట్టపు గోడ మందం 2 సెంటీమీటర్లు, దాని కింద పరిచే ఇసుక 10 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ తీసివేస్తే కందకం అడుగు 98.080 వద్ద ఉండాలి. ‘ఆ’ వద్ద 97.780, సరిగ్గా మధ్యలో 97.930 ఉండాలి.

ఇప్పుడు నేల మట్టం చూద్దాం. ‘అ’ వద్ద 99.700. మధ్యలో రోడ్డు కొంచెం ఉబ్బి 99.750. ‘ఆ’ వద్ద 99.300. నేల మట్టం నుంచి అడుగు మట్టాన్ని తీసివేస్తే తవ్వవలసిన లోతు వస్తుంది:

‘అ’ వద్ద 1.62 మీటర్లు.
మధ్యలో 1.82 మీటర్లు.
‘ఆ’ వద్ద 1.52 మీటర్లు.

ఆపరేటర్ ఈ లెక్క చూడకుండా మొదట కొలిచిన 1.62 మీటర్లనే చివరి వరకు పాటించాడనుకుందాం. మధ్యలో అడుగు 98.130 వద్ద తేలుతుంది. అది ఉండవలసిన దానికంటే 20 సెంటీమీటర్లు ఎత్తు. అంతేకాదు, ప్రవాహం మొదలయ్యే ‘అ’ కంటే కూడా 5 సెంటీమీటర్లు ఎత్తు. అనగా నీరు ఎదురెక్కవలసి వస్తుంది. ‘ఆ’ వద్దనేమో అడుగు 97.680 అవుతుంది. అక్కడ 10 సెంటీమీటర్లు అదనంగా తవ్వినట్టు. ఆపరేటర్ చేతిలో ఏ పొరపాటూ లేదు. ప్రతిచోటా సరిగ్గా 1.62 మీటర్లే తవ్వాడు. కొలత మొదలుపెట్టిన చోటే తప్పు ఉన్నది.

3. యంత్రం లోతును ఎలా నిర్ణయిస్తుంది

నగరాలలో ఎక్కువగా కనిపించేది వెనుకవైపు బకెట్ చేయి ఉన్న యంత్రం. తయారీదారు ఎవరైనా జనం దానిని జేసీబీ అనే పిలుస్తారు. దాని చేయి మూడు కీళ్ల మీద కదులుతుంది. అందువల్ల బకెట్ పళ్లు సరళరేఖలో కాక వంపుగా సాగుతాయి. మూడు కదలికలనూ కలిపి నడిపినప్పుడే అడుగు చదునుగా వస్తుంది. యంత్రాన్ని నిలబెట్టే కాళ్లలో ఒకటి మెత్తని మట్టిలో దిగబడితే యంత్రం ఒరుగుతుంది, దానితోపాటు కందకం అడుగు కూడా ఒకవైపు వాలుతుంది.

కేబుళ్ల వంటి సన్నని కందకాలకు గొలుసు యంత్రాన్ని వాడతారు. పొడవైన బూమ్ చుట్టూ పళ్లున్న గొలుసు తిరుగుతూ మట్టిని కోస్తుంది. బూమ్ నేలతో చేసే కోణమే ఇక్కడ లోతును నిర్ణయిస్తుంది. బూమ్ పొడవు 1.2 మీటర్లు, దాని ఇరుసు నేలమట్టాన ఉన్నదనుకుంటే, కోణం 60 డిగ్రీలైనప్పుడు లోతు సుమారు 1.04 మీటర్లు, 45 డిగ్రీలైనప్పుడు సుమారు 0.85 మీటర్లు. బూమ్ వెనుక ఉన్న యంత్రపు ముందు చక్రాలు గట్టు ఎక్కితే బూమ్ మరింత లోతుకు దిగుతుంది. వెనుక చక్రాలు ఎక్కినప్పుడు పైకి లేస్తుంది. ఆపరేటర్ సరిచేయకపోతే నేలమీది ప్రతి ఎగుడుదిగుడూ అడుగున అలగా మిగులుతుంది.

యంత్రం మీది లోతు సూచిక కూడా గుడ్డిగా నమ్మదగినది కాదు. పళ్లు అరిగినకొద్దీ సూచిక చూపే లోతుకూ అసలు లోతుకూ తేడా వస్తుంది. పని మొదలుపెట్టే ముందు పళ్ల కొనలను నేలకు ఆనించి సూచికను సున్నాకు తేవాలి. కొత్త పళ్లు బిగించిన తరువాత కూడా మళ్లీ అలాగే చేయాలి.

4. చూపు గీత, కాంతి గీత

స్థిరమట్టాన్ని కందకం వెంట తీసుకుపోవడం ఎలా అన్న ప్రశ్న పాతదే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వాయవ్య భాగంలో బురద నేలలను సాగులోకి తేవడానికి మట్టి గొట్టాలను భూమిలో పరిచి నీటిని బయటికి పంపవలసి వచ్చింది. చదునైన ఆ నేలలో వాలు కొద్దిగా తప్పినా నీరు కదలదు. జేమ్స్ హిల్ అనే ఆయన అక్కడ కందకాలు తవ్వే యంత్రాన్ని రూపొందించి 1894 లో పేటెంట్ పొందాడు. ఒకే నడకలో కావలసిన వాలుకు కందకం కోయగలగడం దాని విశేషం. కందకం దారి వెంట ముందుగా నిలిపిన గురిగుర్తులతో యంత్రం మీది చూపుపట్టెను కలుపుకుంటూ ఆపరేటర్ లోతును సరిచేసేవాడు.

అదే సూత్రంతో నేటికీ ఏ ఖరీదైన పరికరం లేకుండా పనిచేయవచ్చు. కందకానికి రెండు చివరల రెండేసి గుంజలు పాతి, వాటి మీద అడ్డుపట్టె బిగిస్తారు. దీనిని సైట్ రైల్ అంటారు. పై ఉదాహరణలో ప్రతి పట్టెనూ అడుగు మట్టానికి సరిగ్గా 3 మీటర్ల ఎత్తున ఉంచితే, ‘అ’ వద్ద పట్టె మట్టం 101.080, ‘ఆ’ వద్ద 100.780 అవుతుంది. 3 మీటర్ల పొడవైన టి ఆకారపు కొలకర్రను కందకం అడుగున నిలిపి, ఒక పట్టె మీదుగా రెండవదానిని చూస్తే, కర్ర తల రెండు పట్టెల గీతలో కలవాలి. తల పైకి కనిపిస్తే ఇంకా తవ్వాలి. కిందికి పోతే అదనంగా తవ్వినట్టు. మధ్యలో నేల ఉబ్బినా ఈ గీత మారదు.

లేజర్ పరికరం చేసేదీ ఇదే పని. ముక్కాలి మీద నిలిపిన పరికరం నుంచి తిరిగే కాంతి ఒక తలాన్ని ఏర్పరుస్తుంది. ఆ తలాన్ని కావలసిన వాలుకు వంచవచ్చు. యంత్రపు చేతికో, కొలకర్రకో తగిలించిన రిసీవర్ పైకా, కిందికా, సరిగ్గా ఉన్నదా అన్నది చూపుతుంది. చేతికి తగిలించిన సాధారణ రిసీవర్‌ను చేయి నిట్టనిలువుగా ఉన్నప్పుడే చదవాలి. ముక్కాలికి ఎవరి కాలైనా తగిలితే ఆ తరువాతి తవ్వకమంతా తప్పుతుంది. కాబట్టి పని ఆరంభంలో, భోజన విరామం తరువాత, పని ముగిసేటప్పుడు బెంచ్‌మార్క్‌తో సరిచూడాలి.

5. చివరి జానెడు

యంత్రంతో పూర్తి లోతు వరకు పోకూడదు. చివరి 10, 15 సెంటీమీటర్లు వదిలి చేతితో చదును చేయడం మంచి పద్ధతి. తక్కువ తవ్వితే మళ్లీ తవ్వవచ్చు. ఎక్కువ తవ్విన చోట వదులు మట్టి పోసి సరిచేయడం మాత్రం కప్పిపుచ్చడమే అవుతుంది. కాలక్రమాన ఆ మట్టి అణగి గొట్టం కుంగుతుంది, అతుకులు విడతాయి. అటువంటి చోట ఇసుకనో కంకరనో పొరలుగా వేసి దిమ్మిస చేయాలి, లేదా ఇంజనీరు సూచించిన పలుచని కాంక్రీటు వేయాలి.

బెంగళూరు వంటి చోట్ల ఎర్రమట్టి కింద గట్టి రాయి అడ్డు రావచ్చు. అప్పుడు గొట్టాన్ని కాస్త పైకి జరిపి పని కానివ్వడం తగదు. మట్టాన్ని మార్చే అధికారం ఇంజనీరుది. అడ్డంకి ఉన్నదని చెప్పవలసిన బాధ్యత మేస్త్రీది.

6. కింద ఇంకా ఏమున్నది

నగరపు నేల ఖాళీగా ఉండదు. భారత ప్రమాణం 1255 ప్రకారం తక్కువ వోల్టేజీ విద్యుత్ కేబుల్ కనీసం 0.75 మీటర్ల లోతున, 3.3 నుంచి 11 కిలోవోల్టుల కేబుల్ కనీసం 0.9 మీటర్ల లోతున ఉండాలి. కానీ అవి వేసిన నాటి నేల ఎత్తు వేరు, నేటి రోడ్డు ఎత్తు వేరు. నేల నుంచి కొలిచిన లోతును నమ్మరాదన్న పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది. అందుచేత యంత్రం దించకముందే దారికి అడ్డంగా చేతితో పరీక్ష గుంటలు తవ్వి చూడాలి. తవ్వకానికి ముందు సంబంధిత సంస్థలకు సమాచారం ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22 న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది.

7. కొలిచేవారి ప్రాణం

ఒక ఘనమీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. కందకపు గోడ కూలితే ఛాతీ వరకు పూడుకున్న మనిషి కూడా ఊపిరాడక చనిపోవచ్చు. కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాల ప్రకారం 1.2 మీటర్లు, అంతకు మించిన లోతున్న కందకంలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలి. 1.5 మీటర్లు, అంతకు మించితే గోడలను వాలుగా కోయాలి, లేదా చెక్కలతో ఊతమివ్వాలి. తీసిన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు, లేదా కందకపు లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరాన వేయాలి. పై ఉదాహరణలోని మూడు లోతులూ 1.5 మీటర్లు దాటినవేనని గమనించాలి. ఊతం లేని చోట ‘ఒక్క నిమిషం దిగి కొలిచి రా’ అన్న మాటకు కూలీ ఒప్పుకోనవసరం లేదు. పొడవైన కర్రతో, రిసీవర్‌తో పైనుంచే కొలవవచ్చు. యంత్రపు చేయి తిరిగే పరిధిలో ఎవరూ నిలబడకూడదు.

8. తప్పిన లోతు ఎవరి మీద పడుతుంది

మురుగులోని ఘనపదార్థం పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే ప్రవాహ వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లకు తగ్గకూడదు. వాలు తప్పిన గొట్టంలో ఆ వేగం రాదు. మడ్డి పేరుకొని గొట్టం మూసుకుపోతుంది. మురుగు ఇళ్లలోకి ఎదురు తన్నుతుంది. అప్పుడు మ్యాన్‌హోల్ మూత తీసి ఒక మనిషిని దింపాలన్న ఆలోచన మొదలవుతుంది. రక్షణ పరికరాలు లేకుండా అలా మనిషిచేత శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా విషవాయువులకు బలైన కార్మికుల వార్తలు ఆగలేదు. కందకం తవ్విన నాడు కొలకర్రను ఒకసారి నిలిపి చూడడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలు మిగుల్చుకున్నందుకు ఏళ్ల తరువాత పేరు తెలియని మరొకరు మూల్యం చెల్లించవలసి రావచ్చు.

అభ్యాసం

1. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య దూరం 45 మీటర్లు, వాలు 150 కి ఒకటి. ఎగువన కందకం అడుగు మట్టం 96.400. దిగువన నేల మట్టం 97.550. దిగువన ఎంత లోతు తవ్వాలి? అక్కడ నిచ్చెన అవసరమా?

2. అదనంగా తవ్విన చోట వదులు మట్టి ఎందుకు పోయకూడదు?

3. తమ వీధిలో జరిగే పనిలో బెంచ్‌మార్క్ ఎక్కడ గుర్తించారో మేస్త్రీని అడిగి తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్నకు జవాబు: దిగుదల 30 సెంటీమీటర్లు. దిగువ అడుగు మట్టం 96.100. లోతు 1.45 మీటర్లు. నిచ్చెన తప్పనిసరి.